పిల్లికి షుగర్ వస్తే: ఇంట్లో ఇన్సులిన్ డోసు ఎలా చూసుకోవాలి?

నర్సీపట్నం నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు ఎపిసోడ్ కొంచెం పొడుగు. స్పీడ్ పెంచి వినొద్దు, మధ్యలో స్కిప్ చేయొద్దు. ఎందుకంటే ఈ టాపిక్‌లో సగం తెలుసుకుంటే మొత్తం తెలియకపోవడం కంటే డేంజర్.

టాపిక్ ఏంటంటే, పిల్లికి షుగర్. అవును, పిల్లులకి కూడా షుగర్ వస్తుంది. మా వీధిలో ఈ మాట చెప్తే ముందు నవ్వారు. "పిల్లికి షుగరేంట్రా, లడ్డూలు పెట్టావా?" అన్నారు. మా ఇంట్లో పండు అని ఒక గండుపిల్లి ఉన్నాడు. పదేళ్లవాడు, ఆపరేషన్ అయినవాడు, బాగా లావుగా ఉండేవాడు. ఇప్పుడు వాడికి రోజూ పొద్దున ఏడింటికి, సాయంత్రం ఏడింటికి ఇన్సులిన్ పడాలి. వేసేది మా అమ్మ. రాసేది నేను. వీడియో ఎందుకు చేస్తున్నానంటే, తెలుగులో దీని గురించి వెతికితే పనికొచ్చేది నాకు దొరకలేదు. దొరికిన ఇంగ్లీష్ వీడియోలు మన మెడికల్ షాపుల్లో దొరికే సీసాలకి, సిరంజిలకి సరిపోవు. ఆ తేడా దగ్గరే ప్రాణం పోయే ప్రమాదం ఉంది.

ఒక మాట ముందే చెప్తాను. నేను డాక్టర్‌ని కాదు, బీటెక్ వాడిని. డోసు ఎంత అనేది వెటర్నరీ డాక్టర్ చెప్పాలి. చెప్పిన డోసు ఇంట్లో తప్పు లేకుండా ఎలా నడపాలి అనేదే ఈ ఎపిసోడ్.

అసలు ఎలా అనుమానం రావాలి?

నాలుగు గుర్తులు. నీళ్లు విపరీతంగా తాగడం. ఉచ్చ ఎక్కువ పోయడం. బాగా తింటున్నా సన్నబడటం. నాలుగోది చాలామంది గమనించరు: వెనక కాళ్ల మడమలు నేలకి ఆనించి, కుంగినట్టు నడవడం. షుగర్ వల్ల నరాలు దెబ్బతింటే అలా నడుస్తాయి. మన దగ్గర ఎండాకాలంలో నీళ్లు ఎక్కువ తాగితే "ఎండ కదా" అని వదిలేస్తాం. అక్కడే నెలలు పోతాయి. ఉచ్చ పోసిన చోట చీమలు పడుతుంటే మన పెద్దవాళ్లు మనుషుల విషయంలో వెంటనే పట్టుకుంటారు కదా, పిల్లి విషయంలో కూడా అదే అనుమానం పడండి.

పిల్లుల్లో ఎక్కువగా వచ్చేది మనుషుల్లో టైప్ 2 లాంటిది. లావు, వయసు, ఇంట్లోనే కూర్చోవడం, ఆపరేషన్ అయిన మగపిల్లి కావడం, ఇవన్నీ రిస్క్ పెంచుతాయి. దురదకో ఇంకో దానికో స్టెరాయిడ్ ఇంజెక్షన్లు పడి ఉంటే అవి కూడా షుగర్ తెప్పించగలవు. డాక్టర్ దగ్గరకి వెళ్లినప్పుడు పాత మందుల చీటీలు తీసుకెళ్లండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పిల్లి భయపడితే షుగర్ దానంతట అదే పెరుగుతుంది. నర్సీపట్నం నుంచి బుట్టలో పెట్టి వైజాగ్ దాకా బస్సులో తీసుకెళ్లి, క్లినిక్‌లో కుక్కల మధ్య కూర్చోబెట్టి టెస్ట్ చేస్తే, షుగర్ లేని పిల్లికి కూడా 300 చూపించొచ్చు. అందుకే ఒక్క రక్తం రీడింగ్ చూసి ఖాయం చేయరు. ఉచ్చలో గ్లూకోజ్ ఉందా చూస్తారు, వీలైతే ఫ్రక్టోసమీన్ అనే టెస్ట్ చేస్తారు. అది గత రెండు మూడు వారాల సగటు చెప్తుంది, ఆ ఒక్క రోజు భయాన్ని లెక్కలోకి తీసుకోదు.

ఎర్ర మూత, ఆరెంజ్ మూత

ఇప్పుడు అసలు విషయం. టేబుల్ మీద రెండు సిరంజిలు పెట్టాను చూడండి. ఒకదానికి ఎర్ర మూత, ఒకదానికి ఆరెంజ్ మూత. రెండూ ఇన్సులిన్ సిరంజిలే. రెండూ ఒకే షాపులో దొరుకుతాయి. కానీ రెండూ ఒకటి కాదు.

మన దేశంలో ఇన్సులిన్ ఎక్కువగా రెండు గాఢతల్లో అమ్ముతారు. ఒక ఎంఎల్‌లో 40 యూనిట్లు ఉండేది ఒకటి, 100 యూనిట్లు ఉండేది ఇంకొకటి. ఎర్ర మూత సిరంజి 40 దానికి. ఆరెంజ్ మూత సిరంజి 100 దానికి. సిరంజి మీద గీతలు ఆ గాఢతని బట్టి గీస్తారు.

లెక్క చూడండి. ఎర్ర మూత సిరంజిలో 1 యూనిట్ గీత అంటే ఎంఎల్‌లో నలభయ్యో వంతు, 0.025 ఎంఎల్. అందులో 100 గాఢత ఇన్సులిన్ లాగితే ఎంత వస్తుంది? 0.025 ఇంటూ 100, రెండున్నర యూనిట్లు. మీరు ఒకటి వేశాననుకుంటారు, పిల్లికి రెండున్నర పడుతుంది. మనిషికైతే ఒకటిన్నర యూనిట్ తేడా తట్టుకునే అవకాశం ఉంది. నాలుగు కేజీల పిల్లికి అది ప్రాణాపాయం. రివర్స్‌లో చేస్తే, అంటే 40 దాన్ని ఆరెంజ్ మూత సిరంజితో లాగితే, ఒకటికి బదులు 0.4 మాత్రమే వెళ్తుంది. షుగర్ తగ్గదు, "డోసు సరిపోవట్లేదు" అని పెంచుతాం, తర్వాత ఎప్పుడో సరైన సిరంజి చేతికొస్తే ఆ పెంచిన డోసు మొత్తం ఒకేసారి పడుతుంది.

ఇంకో సంగతి. మన ఇళ్లలో ఇన్సులిన్ వాడే మనిషి ఎవరో ఒకరు ఉంటారు. మా ఇంట్లో నాన్న. ఆయనది మిక్స్‌టార్డ్, 40 గాఢత, ఎర్ర మూత సిరంజి. పండుకి డాక్టర్ రాసింది గ్లార్జిన్, 100 గాఢత, ఆరెంజ్ మూత. మొదటి రోజు అమ్మ అడిగిన ప్రశ్న ఇదే: "ఒరేయ్, మీ నాన్నది ఫ్రిజ్‌లో ఉంది కదా, దాన్నే ఓ చుక్క వేస్తే పోదా? మళ్లీ వేరే కొనడం దేనికి?" చాలా న్యాయమైన ప్రశ్న. కానీ వేయకూడదు. నాన్నది రెండు రకాల ఇన్సులిన్ కలిపిన మిక్స్. అందులో ఒక భాగం త్వరగా పనిచేసి షుగర్‌ని దబ్బున కిందకి లాగుతుంది. మనిషి భోజనానికి సరిపడేలా చేసిన మందు అది. గ్లార్జిన్ నెమ్మదిగా, ఎక్కువసేపు పనిచేస్తుంది. అందుకే పిల్లులకి ఎక్కువగా దాన్నే రాస్తారు. పిల్లులకి వాడే ప్రోజింక్ లాంటివి ఉన్నాయి, అవి 40 గాఢతవి. కాబట్టి "పిల్లి ఇన్సులిన్ అంటే ఆరెంజ్ మూత" అని కూడా గుర్తుపెట్టుకోకండి. పేరు కాదు, రంగు కాదు, సీసా మీద ఉన్న నంబరు చూడండి. సిరంజి మీద ఉన్న నంబరు చూడండి. రెండూ ఒకటే అయితేనే లాగండి.

మా ఇంట్లో చేసిన ఏర్పాటు చెప్తాను. నాన్న మందు స్టీలు డబ్బాలో, పండు మందు ప్లాస్టిక్ డబ్బాలో. ప్లాస్టిక్ డబ్బా మీద మార్కర్‌తో "పిల్లి, 100" అని రాసి ఉంటుంది. ఆ డబ్బాలోనే దాని సిరంజిలు. ఒక డబ్బాలోది ఇంకో డబ్బాలోకి వెళ్లదు. ఇంతే సిస్టమ్.

గ్లార్జిన్‌ని నీళ్లతో పల్చన చేయకూడదు, వేరే ఇన్సులిన్‌తో కలపకూడదు. అది నీళ్లలా తేటగా ఉండాలి. మబ్బుగా కనిపిస్తే పారేయాలి. నాన్న మిక్స్ మాత్రం మామూలుగానే తెల్లగా మబ్బుగా ఉంటుంది, దాంతో పోల్చుకోకండి. ఒకే పేరులా అనిపించే 300 గాఢత గ్లార్జిన్ పెన్నులు కూడా ఉన్నాయి, టౌజియో లాంటివి. దాన్ని సిరంజితో అస్సలు లాగకూడదు.

రోజువారీ రొటీన్

చాలా పిల్లులకి మొదలుపెట్టే డోసు 12 గంటలకోసారి ఒక యూనిట్ దగ్గరలో ఉంటుంది. బరువు చూసి డాక్టర్ చెప్తారు. ఒక యూనిట్ అంటే ఎంత చిన్నదో పైన లెక్కలో చూశారు కదా. అందుకే సిరంజి కొనేటప్పుడు చిన్నది, 30 యూనిట్ల సైజుది, అర యూనిట్ గీతలు ఉన్నది దొరుకుతుందేమో అడగండి.

ఆర్డర్ ఇలా పెట్టుకోండి. ముందు షుగర్ చూడటం. తర్వాత తిండి పెట్టడం. తిన్నాడు అని కళ్లతో చూశాక సూది. పిల్లి తినకపోతే మామూలు డోసు వేసేయకండి, డాక్టర్‌కి ఫోన్ చేయండి. మెడ వెనక కంటే పక్కటెముకల వైపు చర్మం కొంచెం పైకి లాగి, ఆ గుడారంలోకి సూది పెట్టాలి. ఈ రోజు కుడి, రేపు ఎడమ. సూది వెంట్రుక అంత సన్నం. పండు తింటూ ఉంటాడు, అమ్మ వేసేస్తుంది, వాడు తలెత్తి కూడా చూడడు.

కొన్నిసార్లు వేసేటప్పుడు పిల్లి కదిలిపోతుంది. బొచ్చు తడిగా ఉంటుంది, లోపలికి వెళ్లిందో లేదో తెలీదు. అప్పుడు మళ్లీ వేయకండి. ఒక డోసు తప్పితే ఆ పూట షుగర్ ఎక్కువ ఉంటుంది, అంతే. డబుల్ పడితే పిల్లి పోవచ్చు. మర్చిపోయిన డోసుకి కూడా ఇదే రూలు, తర్వాతి పూట రెండు కలిపి వేయడం ఉండదు.

ఇద్దరు ముగ్గురు ఉన్న ఇంట్లో ఇంకో ప్రమాదం ఉంది. అమ్మ వేసేసింది, నేను చూడలేదు, మళ్లీ వేశాను. ఇది జరగకుండా ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించాం. తేదీ, టైమ్, షుగర్, తిన్నాడా, ఎంత వేశాం, ఎవరు వేశారు. సూది వేసిన చేత్తోనే టిక్. టిక్ లేకపోతే ముందు ఇంట్లో అందరినీ అడగాలి. యాప్‌లు ఉన్నాయి, నేనూ ఎక్సెల్ షీట్ చేద్దామనుకున్నాను. కానీ సూది వేసే మనిషి ముందు కనిపించేది కాగితమే.

వాడిన సూదులు చెత్త బండిలో వేయకండి. మున్సిపాలిటీ అక్కలు చేతులతో ఏరుతారు. మందమైన ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత బిగించి, నిండాక ఆసుపత్రిలో సూదులు తీసుకునే చోట ఇవ్వండి.

షుగర్ చూడటం

మనుషుల గ్లూకోమీటర్‌తో చూడొచ్చా? చూడొచ్చు, కానీ దాని తీరు తెలియాలి. మన రక్తంలో గ్లూకోజ్ ఎర్రకణాల్లో కూడా గణనీయంగా ఉంటుంది. పిల్లిలో దాదాపు అంతా ప్లాస్మాలోనే ఉంటుంది. మీటర్ మన లెక్క ప్రకారం తయారైంది కాబట్టి పిల్లి షుగర్‌ని సాధారణంగా అసలు కంటే కొంచెం తక్కువ చూపిస్తుంది. పిల్లుల కోసం ఆల్ఫాట్రాక్ లాంటి మీటర్లు ఉన్నాయి. ఏదైనా ఒకటే వాడండి, మీ మీటర్ ఏదో డాక్టర్‌కి చెప్పండి. ఈ రోజు నాన్న మీటర్, రేపు పక్కింటి వాళ్ల మీటర్ అంటే అంకెలు పోల్చలేం.

చెవి అంచున సన్నటి నరం ఉంటుంది. ఒక సాక్సులో బియ్యం పోసి, కొంచెం వేడి చేసి, చెవికి తాకిస్తే రక్తం బాగా వస్తుంది. వేడి ముందు మీ చేతికి చూసుకోండి. గుచ్చాక దూదితో నొక్కి, వెంటనే ఒక ఉడికిన చికెన్ ముక్క. మూడు రోజుల్లో ముక్క కోసం వాడే వచ్చి కూర్చుంటాడు. మనుషుల సెన్సార్, ఫ్రీస్టైల్ లిబ్రే లాంటిది, పిల్లులకి కూడా పెడతారు, 14 రోజుల దాకా పనిచేస్తుంది. ఖర్చు చూసుకుని నిర్ణయించుకోండి.

సూదికి ముందు షుగర్ బాగా తక్కువ ఉంటే వేయకుండా ఆగాలి. ఆ గీత ఎక్కడ అనేది డాక్టర్ దగ్గర అంకెగా రాయించుకోండి. మొదటి వారాల్లో 200 కంటే తక్కువ ఉంటే ఆగి ఫోన్ చేయడం సేఫ్.

డోసు ఎప్పుడు మార్చాలి?

మన ఐటీ వాళ్లకి అర్థమయ్యేలా చెప్తాను. ప్రొడక్షన్‌లో ఒకే రోజు రెండు మార్పులు పెడితే, ఏది పగలగొట్టిందో తెలీదు. ఇక్కడా అంతే. గ్లార్జిన్ ఒంట్లో కుదురుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. ఈ రోజు 380 వచ్చిందని రేపు పెంచకూడదు. కనీసం వారం ఆగాలి. మారిస్తే అర యూనిట్, మహా అయితే ఒక యూనిట్. అదీ డాక్టర్‌తో మాట్లాడాకే.

ఆయనకి ఫోన్‌లో "షుగర్ ఎక్కువగా ఉందండీ" అంటే ఏం చెప్తారు? ఆయనకి కావాల్సింది కర్వ్. సూది వేసే ముందు ఒకసారి, తర్వాత ప్రతి రెండు గంటలకి, 12 గంటలపాటు. మొత్తం ఏడు రీడింగులు. ఆదివారం పెట్టుకుంటే అయిపోతుంది. ఇందులో ముఖ్యమైనది సగటు కాదు, అన్నిటికంటే కింద ఉన్న అంకె. అది 80 నుంచి 150 మధ్య ఉండి, పై అంకె 300 దాటకుండా ఉంటే చాలా బాగున్నట్టు. కింది అంకె 70 ఉండి పై అంకె 400 ఉందనుకోండి, 400 చూసి పెంచితే ఆ 70 కాస్తా 40 అవుతుంది. ఒక్క పొద్దుటి రీడింగ్ చూసేవాళ్లకి ఇది కనపడదు. ఏడు రీడింగులు పెట్టమనేది ఇందుకే.

పెంచడానికి వారం ఆగాలి గానీ, తగ్గించడానికి ఆగకూడదు. 60 దగ్గరకి పడిందంటే ఆ రోజే డాక్టర్‌కి చెప్పాలి.

తిండి

మన ఇళ్లలో పిల్లికి పాలన్నం, పెరుగన్నం, చేపల పులుసు అడుగున మిగిలిన అన్నం. పిల్లి మాంసాహారి, అంత పిండిపదార్థం దానికి అవసరం లేదు. షుగర్ ఉన్న పిల్లికి ప్రొటీన్ ఎక్కువ, పిండి తక్కువ ఉన్న తడి ఆహారం మంచిది. పొడి గింజల్లో పిండి ఎక్కువ ఉంటుంది. ఉడికిన చికెన్, చేప పెట్టొచ్చు, కానీ కేవలం అవే పెడితే టారిన్ లాంటి పోషకాలు చాలకపోవచ్చు, డాక్టర్‌ని అడగండి. కూరలోంచి ముక్క తీసి పెట్టొద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లులకి విషం.

జాగ్రత్త, అన్నం మానేసిన రోజే ఇన్సులిన్ అవసరం కూడా పడిపోతుంది. పాత డోసు అలాగే వేస్తే షుగర్ డౌన్. తిండి మార్పు డాక్టర్‌కి చెప్పి, రోజూ చూసుకుంటూ, మెల్లగా చేయండి.

షుగర్ పడిపోతే

ఈ భాగం స్క్రీన్‌షాట్ తీసుకోండి. తూలుతూ నడవడం, నీరసంగా పడిపోవడం, చొంగ కార్చడం, వణకడం, చివరికి ఫిట్స్. ఇవి కనిపిస్తే మీటర్ కోసం వెతుకుతూ కూర్చోకండి.

మింగగలిగే స్థితిలో ఉంటే వెంటనే తిండి పెట్టండి. తినలేకపోతే తేనె గానీ, చక్కెర పాకం గానీ, గ్లూకోజ్ పొడి నీళ్లలో చిక్కగా కలిపి గానీ చిగుళ్లకి రాయండి. నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫిట్స్‌లో ఉంటే పళ్ల మధ్య వేలు పెట్టకండి. తేరుకున్నా సరే డాక్టర్ దగ్గరకి వెళ్లాలి, ఎందుకంటే ఇన్సులిన్ ఇంకా లోపల పనిచేస్తూనే ఉంటుంది. తర్వాతి సూది డాక్టర్ చెప్పేదాకా లేదు.

దీనికి రివర్స్ ఎమర్జెన్సీ కూడా ఉంది. తినడం మానేసి, వాంతులు చేసుకుంటూ, ఒక మూల పడి ఉంటే, నోటి నుంచి నెయిల్ పాలిష్ రిమూవర్ లాంటి వాసన వస్తే, కీటోన్లు పెరిగాయేమో అనుమానించాలి. ఇది ఇంట్లో తగ్గేది కాదు. సెలైన్ ఎక్కించాలి, ఆ రోజే బయల్దేరాలి.

నర్సీపట్నంలో ఉన్నవాళ్లం ఇది ముందే ప్లాన్ చేసుకోవాలి. ఊళ్లో డాక్టర్ నంబరు, రాత్రి ఎత్తే నంబరు, వైజాగ్‌లో ఒక క్లినిక్ నంబరు, ఆటో అన్న నంబరు, నాలుగూ ఆ ఫ్రిజ్ కాగితం మీదే రాయండి. సంచార పశు వైద్య వాహనాల టోల్‌ఫ్రీ 1962 ఉంది, ప్రధానంగా పశువుల కోసం, అయినా రాసి పెట్టుకోండి. విజయనగరం జిల్లా గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉంది. చింతపల్లి, కొయ్యూరు వైపు ఉన్నవాళ్లకి దూరం ఇంకా ఎక్కువ, సిగ్నల్ ఇంకా తక్కువ. అంత దూరంలో ఉన్నప్పుడు, షుగర్ కొంచెం ఎక్కువ ఉన్నా పర్లేదు, పడిపోకూడదు అనే లెక్కలో డోసు పెట్టమని డాక్టర్‌ని అడగండి.

కరెంటు, ఎండ, డబ్బు

ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రీజర్‌లో పెట్టొద్దు, గడ్డకట్టింది కరిగాక కూడా పనికిరాదు. మే నెలలో కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తీయకండి, చల్లదనం చాలాసేపు ఉంటుంది. ఎక్కువసేపు రాదంటే, తడి ఇసకలో కుండ పెట్టి, అందులో కవర్ చుట్టిన సీసా ఉంచండి. ఫ్రిజ్ అంత చల్లగా ఉండదు గానీ గది వేడి నుంచి కాపాడుతుంది. ఐసు ముక్కకి సీసా నేరుగా ఆనించొద్దు.

3 ఎంఎల్ గ్లార్జిన్ కార్ట్రిడ్జ్‌లో 300 యూనిట్లు ఉంటాయి. రోజుకి రెండు యూనిట్లు అంటే 28 రోజులకి 56. లేబుల్ ప్రకారం తెరిచాక 28 రోజులే. మిగతాది పారేయాలంటే మనసు ఒప్పదు, నాకు తెలుసు. ఎన్ని రోజులు వాడొచ్చో మీ డాక్టర్‌ని అడగండి, తెరిచిన తేదీ మాత్రం సీసా మీద రాయండి. పాతబడిన మందు బలం తగ్గి, "డోసు చాలట్లేదు" అని పెంచి, కొత్త సీసా తెరిచిన రోజు పిల్లి పడిపోవడం, ఇది కూడా సిరంజి కథ లాంటిదే.

ఖర్చు మందుకి మాత్రమే కాదు, టైమ్‌కి కూడా. సంక్రాంతికి ఊరెళ్తే ఎవరు వేస్తారు? పెళ్లికి వెళ్తే సాయంత్రం ఏడింటికి ఇంట్లో ఎవరుంటారు? మొదలుపెట్టే ముందు ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. ఒక్కరి మీద పడేస్తే ఆ ఒక్కరికి జ్వరం వచ్చిన రోజు సిస్టమ్ కూలిపోతుంది. మా ఇంట్లో ఇప్పుడు నాన్న కూడా నేర్చుకున్నారు. తన సూది తనే వేసుకునే మనిషి కదా, చెయ్యి వణకదు.

ఇది జీవితాంతమా?

అందరికీ కాదు. మనుషుల కంటే పిల్లులకి ఇక్కడ ఒక అదృష్టం ఉంది. త్వరగా మొదలుపెట్టి, తిండి మార్చి, ఇంట్లో షుగర్ చూస్తూ నడిపితే, కొన్ని పిల్లులకి ఇన్సులిన్ పూర్తిగా ఆగిపోతుంది. 2009లో కిర్‌స్టెన్ రూంప్, జాకీ రాండ్ ప్రచురించిన అధ్యయనంలో, గ్లార్జిన్‌తో ఇంట్లోనే షుగర్ చూస్తూ నడిపిన 55 పిల్లుల్లో 64 శాతం అలా బయటపడ్డాయి. షుగర్ తెలిసిన ఆరు నెలల్లోపు ఆ పద్ధతి మొదలుపెట్టినవాటిలో 84 శాతం, ఆలస్యం చేసినవాటిలో 35 శాతం. ఆ తేడా చూశారా? "ఎండ కదా" అని వదిలేసిన నెలల ఖరీదు అది.

అయితే బాగవుతున్న టైమే ఎక్కువ జాగ్రత్త పడాల్సిన టైమ్. ఒళ్లు సొంతంగా ఇన్సులిన్ చేసుకోవడం మొదలుపెడుతుంది, మనం పాత డోసు వేస్తూనే ఉంటాం. పిల్లి హుషారుగా ఉంది కదా అని షుగర్ చూడటం మానేస్తే, షుగర్ పడిపోయేది సరిగ్గా అప్పుడే. అంకెలు మెల్లగా దిగుతున్నాయంటే సంతోషించండి, ఆ వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయండి.

పండు ఇంకా అక్కడిదాకా రాలేదు. మడమలు ఆనించడం తగ్గింది, గోడ ఎక్కుతున్నాడు, నీళ్ల గిన్నె సాయంత్రానికి కూడా సగం ఉంటోంది. ప్రస్తుతానికి అది చాలు.

మీ ఇంట్లో గానీ, మీ వీధిలో గానీ ఏ పిల్లి అయినా నీళ్లు ఎక్కువ తాగి సన్నబడుతుంటే ఈ వారంలోనే చూపించండి. ఇప్పటికే సూది వేస్తున్న వాళ్లు వీడియో ఆపి, లేచి వెళ్లి, సీసా మీద నంబరు, సిరంజి మీద నంబరు రెండూ ఒకటేనా చూడండి. తేడా ఉంటే ఈ పూట సూది వేసే ముందే డాక్టర్‌తో మాట్లాడండి. లైక్, షేర్ తర్వాత చేద్దురు గానీ. ఉంటాను ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.